ర్యాంప్ డెక్‌తో మామయ్య గెలిచిన ఆట

దర్జీ మామయ్య బట్ట కంటే మాటలే ఎక్కువ కోస్తాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలిసి కూడా మేనకోడలు ఆ మధ్యాహ్నం కార్డులాట పోటీ హాలు పక్కనున్న టీ కొట్టులో ఆయన పక్కనే కూర్చుంది. అడగడానికి ఇంకెవరూ లేరు మరి. అక్క జ్వరంతో మంచం పట్టింది. జట్టులో అక్క చోట తను ఆడాలి, అదీ అక్క పేర్చుకున్న కార్డుల కట్టతో, ఆమె డెక్‌తోనే. కాసేపట్లో పిలుస్తారు. తను ఓడితే ఏడాదిగా గెలుచుకుంటూ వచ్చిన మిగతా ఇద్దరూ ఇంటిదారి పట్టాల్సిందే.

ఆమెకు అలవాటైంది చిన్న కార్డులతో మొదట్నుంచే మీదపడే ఆట. అక్కది ర్యాంప్ డెక్. ప్రతి వంతుకి, అంటే టర్నుకో ల్యాండ్ కార్డు వేసి, దాన్నుంచి మానా, అంటే మిగతా కార్డులు ఆడే శక్తి, తీసుకోవడం అందరూ చేసేదే. ఈ డెక్ మాత్రం తొలి టర్నులన్నీ మానా పోగెయ్యడానికే పెట్టి, అందరికంటే ముందు కొండంత జంతువుల కార్డుల్ని దించుతుంది. ఎంత పోగేశాక ఆపాలి? ఆమెకు తెలియనిది అదే. టీ చల్లారిపోతున్నా గ్లాసు ముట్టుకోలేదు.

"దీనికే అంత కంగారా?" అన్నాడు మామయ్య. "ఇదే హాల్లో, ఇలాంటి డెక్‌తోనే నేను గెలిచానమ్మా. మొదట చేతిలో ల్యాండ్లున్నాయా అని చూసుకున్నా, ఉన్నాయి, రెండో టర్నులో ఇంకో రెండు ల్యాండ్లు తెచ్చే కార్డు వేశా, మూడో టర్నుకల్లా ఎవరికైనా మూడు మానా ఉంటుందా, నాకు అయిదు. ఇదేం గొప్ప కాదులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

టీ కొట్టతను ఏమైందన్నాడు.

"అయిదు పదయింది, పది ఇరవయ్యింది. బల్ల చాల్లేదు. పక్క బల్ల జరిపించా, అదీ చాల్లేదు, ఇక వరండాలోకి పరుచుకుంటూ పోయా, జనం చెప్పులు చేత్తో పట్టుకుని నా ల్యాండ్ల మధ్య సందు చూసుకుని నడిచారు."

ఒక్క పెట్టెలో అన్ని కార్డులు ఎలా పట్టాయని కొట్టతను అడిగాడు.

"పట్టలేదు కాబట్టే పరిచాను," అన్నాడు మామయ్య తడుముకోకుండా.

మేనకోడలు మాత్రం పనికొచ్చే ముక్క ఒక్కటైనా దొరుకుతుందేమోనని జంతువుల్ని ఎప్పుడు దించావని అడిగింది. తొందరెందుకన్నాడాయన. అప్పటికి మానా ఎంత పేరుకుందంటే హాల్లో ట్యూబులైట్లు మసకబారాయట, కరెంటాఫీసు మనిషి నిచ్చెన భుజానేసుకుని వచ్చి ఇంత లాగుతున్నదెవరని నిలదీశాడట. చివరికి జంతువును దించితే ఆ బరువుకి బల్ల కాలు విరిగిందట.

హాల్లోంచి కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది.

"మామయ్యా, నువ్వు అన్ని ల్యాండ్లు పరుస్తుంటే ఎదుటివాడు ఏం చేస్తున్నాడు? మొదటి టర్నుల్లోనే నిన్ను కొట్టలేదా?"

మామయ్య ఒక గుక్క తాగాడు. "ఏం చేస్తాడు, చూస్తూ కూర్చున్నాడు."

వెనకాల నిలబడి టీ తాగుతున్న రిఫరీ గ్లాసు కింద పెట్టాడు. "చూడ్డానికి ఆయన వస్తే కదండీ. బస్సు చెడిపోయి దారిలోనే ఉండిపోయాడు. మీరు గెలిచారని ప్రకటించింది నేనే. ఆ తర్వాత కూడా మీరు ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఒక్కరే ఆడుకున్నారు. తాళం వేసుకోవాలి లేవండి బాబూ అని బతిమాలుకున్నాను."

కొట్టతను నవ్వు దాచుకోవడానికి స్టవ్ వైపు తిరిగాడు. మేనకోడలికి నవ్వు రాలేదు గానీ, పొద్దుట్నుంచి తనను తినేస్తున్న భయం ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆ తొలి టర్నుల్లో ఎదుటివాళ్లు ఊరుకోరు. తనైతే ఊరుకునేదా? గబగబా డెక్ తీసి తిరగేసింది. తక్కువ మానాకే వచ్చే అడ్డుగోడ కార్డులు అక్క కొన్ని పెట్టే ఉంచింది. ఆట మొదట్లో తీసిన కార్డుల్లో ల్యాండ్లతోపాటు వీటిలో ఒకటైనా రాకపోతే అవి కలిపేసి కొత్తవి తీసుకోవాలి. ముందు ప్రాణం నిలబడాలి, జంతువుల సంగతి తర్వాత.

లోపల్నుంచి పిలిచారు. ఆమె లేచి గుమ్మం దాకా వెళ్లి తొంగి చూసింది. ఎదుటి కుర్చీలో ఒకావిడ అప్పుడే కార్డులు కలుపుతోంది.

మామయ్య వెనకాలే వచ్చాడు. "వచ్చారా?" అన్నాడు మెల్లగా.

"వచ్చారు మామయ్యా."

"అయితే ఆ ఆట నాకు తెలియదమ్మా," అన్నాడాయన.