కాస్త పెద్దదండీ

తన రిటైర్మెంటు సభకని ఈ ఉదయం మా బైండింగ్ మాస్టారు కొత్త చొక్కా వేసుకొచ్చారు. కుడి బొటనవేలి గోటికి మాత్రం నిన్నటి జిగురు ఇంకా అంటుకునే ఉంది. అది చూస్తూ నిలబడి, సభకు నమస్కారం చెప్పడమే మరిచిపోయాను. అధ్యక్షురాలైన లైబ్రేరియన్ మేడంగారికి, పెద్దలకు, మా బైండింగ్ గదిని ‘అతుకుల ఆసుపత్రి’ అని పిలిచే కౌంటరు మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

మైకు ముందు నాకు మాటలు రావు. మాస్టారి దగ్గర పనిచేసిన ఈ నాలుగేళ్లూ వాటితో పెద్దగా అవసరం పడలేదు. ఆయన ఎవరికీ పని చెప్పరు. ఏదో ఒక సంగతి చెబుతారు, అంతే. నేను చేరిన రోజున, “జిగురు చిక్కబడిందమ్మా” అన్నారు. తొంగిచూసి, “అవునండీ, బాగా చిక్కగా ఉంది” అన్నాను. కాసేపాగి, “నీళ్లు ఆ కూజాలో ఉంటాయి” అన్నారు. “చూశానండీ” అన్నాను. ఆయనే లేచి కలుపుకున్నారు. (నవ్వులు) అటెండరు పిన్నిగారూ, మీరంత నవ్వక్కర్లేదు. ఆ రోజు గుమ్మంలోంచి, “జిగురుని పొగడక్కర్లేదే పిల్లా, నీళ్లు పొయ్యి!” అని అరిచింది మీరే.

ప్రశ్న అడిగితే ప్రశ్నకే జవాబు చెప్పాలని కాన్వెంటు స్కూల్లో సిస్టర్లు నేర్పారు. మాటలో పని ఎక్కడ దాగుందో వెతుక్కోవడం మాస్టారి గదిలో నేర్చుకున్నాను. “ఎండ బల్ల మీదికొచ్చింది” అంటే కర్టెన్ వేయాలి. “ఈ పుస్తకం పాపం చాలా తిరిగింది” అంటే మెల్లిగా విప్పాలి. “బాగానే ఉంది” అంటే కుట్టంతా విప్పి మళ్లీ కుట్టాలి. (నవ్వులు) అంతా వచ్చేసిందనుకున్నాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం, అంచులు కోసే తన కత్తిని నా ముందు పెట్టి, “ఇది నీ చేతికి సరిపోతుందంటావా?” అన్నారు. పట్టుకుని చూశాను. “కాస్త పెద్దదండీ” అన్నాను. ఆయన “ఊఁ” అని, దాన్ని గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టేశారు.

మాస్టారు వెళ్లాక గది మూసేసి, పుస్తకాలు బైండింగుకు బయటికి పంపుతామని నిన్న మేడంగారు చెప్పారు. ఎందుకని అడిగాను. “మీ తర్వాత ఎవరు చూస్తారండీ అంటే, ‘అమ్మాయినడిగాను, తనవల్ల కాదంది’ అన్నారమ్మా ఆయన” అన్నారు.

(మాస్టారి వైపు తిరిగి)

మాస్టారూ, నేను చెప్పింది పిడి సంగతండీ. మీరు గది గురించి అడుగుతున్నారని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఏమనేదాన్నో అది ఇప్పుడంటాను, రెండో అర్థం రాకుండా. ఆ గది నేను చూసుకుంటాను. మాటిస్తున్నాను. మేడంగారూ, గది మూయకండి. మిమ్మల్ని అడుగుతున్నాను.

ఏమన్నారు మాస్టారూ? ... “పిడి చెక్కుకోవచ్చు” అంటున్నారు. (చప్పట్లు) ఈసారి అర్థమైందండీ.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఒక్క విషయం చెప్పి దిగిపోతాను. రేపటి నుంచి నన్ను కౌంటరుకు మారుస్తూ మేడంగారిచ్చిన కాగితం మీద నేనింకా సంతకం పెట్టలేదు. సెలవు.