గుడారం తలుపు కుట్టేసిన బావ

కొండ మీది అడవిలో, హోటల్ గదుల్లా అమర్చిన గుడారాల విడిది. ఏడో నంబరు గుడారం. పొద్దున తొమ్మిదిన్నర. లోపల ఇద్దరు ముసలి దర్జీలు, బావా బావమరిదీ.

"తలుపు తెరుచుకోవడం లేదు బావా."

"కెటిల్ గారూ, నేను ఆయనతో మాట్లాడనని ఆయనకు చెప్పండి."

"నిన్న సాయంత్రం నుంచీ ఆ టీ కెటిల్‌తోనే చెప్పిస్తున్నావు. స్విచ్చి వెయ్యకుండానే దాన్లో నీళ్ళు మరుగుతున్నాయి."

"కెటిల్ గారూ, ఆరేళ్ళుగా మాట్లాడనివాణ్ణి. ఒక్క రాత్రి ఒకే మంచం మీద పడుకున్నంత మాత్రాన మాట్లాడతానా?"

"మంచమంటే మంచమా అది! గులాబీ రేకులు చల్లి, తువ్వాళ్ళు హంసల్లా మడిచి పెట్టారు. కొత్త జంటలకిచ్చే గుడారమట. మీ అమ్మాయి బుక్ చేసిన తీరు అదీ."

"నాతో ఏమంది? 'నేనూ వస్తా నాన్నా, రెండు రోజులు అడవిలో హాయిగా ఉందాం' అంది. వచ్చి చూస్తే అది లేదు. హంసల పక్కన ఈయన."

"నాతోనూ అదే చెప్పింది. 'నెలాఖరుకి షాపు మూసేసి ఊరు మారిపోతున్నావుగా మామయ్యా, వెళ్ళేలోపు నాతో రెండు రోజులు గడుపు' అంది. ఇక్కడికొచ్చాక ఫోన్ చేసి, 'మీరిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోండి చాలు' అంది. నాకూ అదే చాలు బావా. నువ్వు ఒక్క మాటంటే వెళ్ళిపోతా."

"కెటిల్ గారూ, పదింటికి ఆయన్ని తీసుకెళ్ళడానికి జీపు వస్తుంది. ఆ ఒక్క మాటా దాని డ్రైవరుతో మాట్లాడుకోమనండి."

"జీపెక్కాలంటే ముందు బయటపడాలిగా. ఈ జిప్పు చూస్తే కదలదు... ఆగు. ఆగాగు. ఈ కుట్టేంటి? బావా, ఈ కుట్టెవరిది?"

"కెటిల్ గారూ, తలుపు అంచు ఊడి వేలాడుతోంది. చూస్తూ చూస్తూ వదిలెయ్యలేక కుట్టాను. ఈయన తొట్లో గంటసేపు నానితే నాకు మాత్రం పొద్దెలా పోతుంది? గుడారంలో స్నానాల తొట్టి! పైన షాండ్లియర్ దీపమొకటి! అడవిలో ఉన్నామని గుర్తు చెయ్యడానికి ఒక ఉడత వచ్చి పోతోంది, అంతే."

"ఎంత దూరం కుట్టావు?"

"పైనుంచి కిందిదాకా. ఆరడుగులు. ఒక్క కుట్టు వంకరుంటే చూపించమనండి."

"వంకర లేదు. ముత్యాలు పేర్చినట్టుంది. కానీ బయటి గుడ్డ, లోపలి దోమతెర, జిప్పు మీది పట్టీ, మూడూ కలిపి కుట్టేశావు. ఇది ఇక తలుపు కాదు, గోడ."

"అబద్ధం!"

"చెయ్యి పెట్టి చూడు."

"... ఈ దోమతెర ఇక్కడికెలా వచ్చింది?"

"పాపం, దానంతటదే వచ్చి సూది కింద పడుకున్నట్టుంది. కొత్తగా పనికి చేరినవాళ్ళు చొక్కా చేతులు మూసి కుట్టేస్తారే, అలా ఉంది నీ పని. యాభై ఏళ్ళ దర్జీవి!"

"తెరని అలా వదులుగా వేలాడదీసింది వాళ్ళు. తప్పు వాళ్ళది."

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. సరే, ఒకటి గమనించావా?"

"ఏంటి?"

"నాతో మాట్లాడుతున్నావు."

"... లేదు. నేను దోమతెరతో మాట్లాడుతున్నాను."

"సార్! ఏడో నంబరు సార్! మేనేజర్ని. ఇంకో పావుగంటలో జీపొచ్చేస్తుంది. తలుపు తీస్తే సామాను పట్టుకెళ్తాను."

"తలుపు రాదు మేనేజర్ గారూ. మా బావ కుట్టేశాడు."

"ఏం చేశారు సార్?"

"కుట్టేశాడు. సూదీ దారంతో."

"ఎందుకు సార్?"

"ఎందుకా? మీ గుడారం కుట్టినవాడు దర్జీ కాదు గనక! వాడు గోనెసంచులు కుట్టుకునేవాడు!"

"కంగారు పడకండి సార్, కత్తి తెచ్చి బయటినుంచి కోసేస్తాను."

"నా కుట్టు మీద కత్తి పడిందో, ఊరుకోను!"

"గుడారం మాది కదా సార్."

"గుడారం మీది. కుట్టు నాది."

"మేనేజర్ గారూ, మీరు వెళ్ళండి. మేమే విప్పుకుంటాం. జీపుని కాస్త ఆపండి... ఊఁ, విప్పు బావా. విప్పవేం?"

"కళ్ళద్దాలు కనబడ్డం లేదు."

"నీ ముక్కు మీదే ఉన్నాయి."

"... వాటితోనూ కనబడి చావడం లేదు ఈమధ్య. అమ్మాయికి చెప్పకు."

"చెప్పను. బ్లేడిలా ఇవ్వు."

"నా కుట్టు నువ్వు విప్పుతావా?"

"నాకు సూది పట్టడం నేర్పిందెవరు? నువ్వు ముడి ఎక్కడ దాస్తావో నాకు తెలీదా?"

"గుడ్డ తెగకూడదు."

"తెగదు... బావా, నువ్వు షాపు పొద్దున ఆరింటికే ఎందుకు తెరుస్తావు? ఆ వేళప్పుడు బట్టలు కుట్టించుకునేవాడెవడు?"

"నీకంటే ముందు నా షటరు పైకి లేవాలి. అందుకు."

"ఒక్కరోజు కూడా తప్పలేదు."

"జ్వరమొచ్చినా తప్పలేదు. ఒకే షాపులో ముప్పై ఏళ్ళు పక్కపక్కన కూర్చుని కుట్టాం. సొంత అక్క పోతే చివరి చూపుకి రాలేదు నువ్వు. నీ ఇల్లు చూస్తే మా వీధి చివరే. అందుకే విడిపోయి నీ ఎదురుగా షాపు పెట్టాను. రోజూ నిన్ను చూడాలి, రోజూ అసహ్యించుకోవాలి."

"ఆదివారమైనా సెలవు తీసుకుంటావేమో అనుకున్నా."

"నీ మీద కోపానికి ఆదివారం లేదు."

"సగం విప్పాను... నన్ను రావద్దంది బావా."

"ఎవరు?"

"అక్క."

"పిచ్చిమాటలు కట్టిపెట్టి కుట్టు చూసుకో."

"ఆస్పత్రిలో. నువ్వు టీ తాగడానికి కిందికెళ్ళినప్పుడు. 'నేను పోయాక నువ్వు రాకురా' అంది. 'నువ్వొస్తే మీ బావ నీ భుజం మీద పడి ఏడుస్తాడు. ఏడ్చి మంచమెక్కుతాడు. ఎక్కితే ఇక దిగడు. నువ్వు రాకపోతే, నీ మీద కోపంతోనైనా లేచి తిరుగుతాడు' అంది. నావల్ల కాదన్నాను. చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ రోజు మా మేడ మీద నిలబడి చూశాను. మీరంతా అక్కని మోసుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా."

"అలా అందా అది?"

"అంది. 'ఆయన ఊరందరి కొలతలూ తీస్తాడు, ఆయన కొలత మాత్రం నా దగ్గరుంది' అంది."

"... ఆరేళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నవాడివి, ఇప్పుడెందుకు చెప్పావురా? నన్ను చంపుదామనా?"

"నేను వెళ్ళిపోతున్నానుగా. ఎదురుగా నా షటరు లేకపోతే ఎవరి మీద పంతానికి ఆరింటికి లేస్తావు? ఆ భయానికి చెప్పేశా. ఇదిగో, ఆఖరి కుట్టు. తలుపొచ్చింది."

"సార్! డ్రైవర్ హారన్ కొడుతున్నాడు సార్!"

"వస్తున్నా! ఉంటాను బావా. ఒక్క మాట అడిగితే వంద మాట్లాడావు."

"ఆగు. నువ్వు చెప్పింది నేను వినలేదు. అర్థమైందా? నీ మీద నా కోపం కోపంగానే ఉంది. అది మీ అక్క కొలత తీసి నాకు కుట్టించినది. దాన్ని విప్పడానికి నువ్వెవడివి?"

"సరే బావా."

"కొత్త ఊళ్ళో కూడా ఆరింటికి లేస్తావా?"

"లేస్తా."

"లేచి రోజూ నాకు ఫోన్ చెయ్యి. నేను ఎత్తను."