ఎంబసీ సంచిలో మన వీధి

ఎంబసీ కారు నడిపి రిటైరైన డ్రైవరు టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే, ఎదుటి షాపుల్లోంచి సెలూన్ అతనూ టైలరూ పని వదిలేసి వచ్చేస్తారు. ఆ సాయంత్రం బల్ల చివర, మేడ మీద వాటాలో కొత్తగా దిగిన పెద్దాయన కూడా ఉన్నాడు. కొత్త చెవులు దొరికితే డ్రైవరుకి ఊపొస్తుంది.

"మీకు తెలీదేమో పెద్దాయనా, ఎంబసీ సంచంటే మామూలు సంచి కాదు. విమానంలో దిగుతుంది, లక్క సీలేసి ఉంటుంది, దాన్ని తెరిచే హక్కు ఏ దేశంలో ఏ అధికారికీ లేదు, దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. రోజూ తెచ్చే ఆఫీసరుకి జ్వరమొస్తే ఓసారి నన్ను పంపారు. భుజాన వేసుకుని వస్తున్నానా, కస్టమ్స్ వాళ్లు అడ్డం పడి తెరవమన్నారు. ఒక్క చూపు చూశాను. అంతే, దారిచ్చేశారు. పెద్దాఫీసరు లేచి నిలబడి తన కుర్చీ ముందుకి జరిపాడు."

"నిన్ను కూర్చోమన్నాడా బాబాయ్?" అన్నాడు టైలరు.

"నన్ను కాదురా, సంచిని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కారెక్కాక నాకో ఆలోచనొచ్చింది. సంచి తెరవకూడదని రాశారు, ఆపకూడదని రాశారు, కానీ ఎంతుండాలో ఎక్కడా రాయలేదు. బారెడా, ఊరంతదా, ఒక్క ముక్క లేదు. సరిగ్గా ఆ వారమే మున్సిపాలిటీ వాళ్లు రోడ్డు వెడల్పు చేస్తాం, మీ వీధి కొట్టేస్తాం అని గోడల మీద ఎర్రగీతలు గీసి పోయారు. మీ పిన్ని పొయ్యి ముందు కూర్చుని ఒకటే ఏడుపు. నేనన్నాను, పిచ్చిదానా, గిన్నెలు సర్దకు, వీధినే సర్దేద్దాం అని. ఈ టైలరు వాళ్ల నాన్నే కుట్టాడు సంచి, ఓడ తెరచాపలు తెప్పించి."

"మా నాన్న నాకు చెప్పలేదే," అన్నాడు టైలరు.

"దౌత్య రహస్యం. కొడుక్కైనా చెప్తాడా? ఆ చివర కరెంటు స్తంభం నుంచి ఈ చివర మందుల షాపు దాకా లాగి ఒక్క ముడేసి, పైన ఎంబసీ సీలేశాం. సెలూన్లో ఒకాయన సగం గడ్డంతో అలాగే లోపలికెళ్లిపోయాడు. తెల్లారి బుల్డోజర్లొస్తే వీధి లేదు, సంచి ఉంది. సీలు చూసి మేయరు వెనక్కి తగ్గాడు, మంత్రి వెనక్కి తగ్గాడు. ముట్టుకుంటే రెండు దేశాలకి మాటల్లేకుండా పోతాయి మరి."

పెద్దాయన మెల్లగా అడిగాడు, ఎంబసీ పనికి సంబంధించినవి తప్ప ఆ సంచిలో ఇంకేవీ పెట్టకూడదు కదా అని.

"అందుకే ముందే రాయబారి గారితో సంతకం పెట్టించి అందర్నీ అధికారిక వస్తువులు చేసేశాను. ఈ టీ కొట్టు అక్క కూడా అధికారికమే."

"లోపల చీకటి కాదా?" అంది టీ కొట్టు అక్క.

"ఎందుకవుతుంది? హడావిడిలో సూర్యుడు కూడా లోపలే ఇరుక్కున్నాడు. చీకటంతా బయట. ఊళ్లో కోళ్లు నిద్ర లేవడం మానేశాయి. పెద్ద పెద్దవాళ్లొచ్చి, అయ్యా, ముడి కాస్త వదులు చెయ్యండి, తెల్లారాలి అని బతిమాలుకున్నారు. విదేశాంగ శాఖ ద్వారా రండి అన్నాను. చివరికి ఈ వీధి జోలికి రామని ఒట్టేశాకే విప్పాను."

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. "నేను కస్టమ్స్‌లో చేసి రిటైరయ్యాను. ఆ రోజు హాల్లో ఉన్నది నేనే."

డ్రైవరు కాలు మీంచి కాలు దించాడు.

సంచి తెరవని మాట నిజమేనని చెప్పాడు పెద్దాయన. కానీ దాన్ని తీసుకెళ్లే మనిషి దగ్గర ఎంబసీ ఇచ్చిన కాగితం ఉండాలి. ఈయన ఆ కాగితాన్ని కారులో పెట్టి, తాళం కూడా లోపలే వదిలి తలుపేసేశాడు. కాగితం లేకపోతే సంచికి రక్షణ ఉంటుంది గానీ మోసేవాడికి ఉండదు. ఎంబసీ వాళ్లు వచ్చేదాకా ఆగమంటే, సంచిని కావలించుకుని సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చున్నాడట.

"ఉద్యోగం పోతుంది, మా ఆవిడకి ఏం చెప్పను అని వెక్కి వెక్కి ఏడ్చాడు. చూడలేక నా డబ్బాలో అన్నం పెట్టాను. ఒక చేత్తో తిన్నాడు. రెండో చెయ్యి సంచి మీంచి తియ్యలేదు."

టైలరు పగలబడి నవ్వాడు. సెలూన్ అతను మాత్రం నమ్మలేనట్టు చూశాడు. "ఏడ్చావా బాబాయ్?"

డ్రైవరు చల్లారిన టీ చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకున్నాడు.

"ఏడ్చాను. డ్యూటీలో ఉండి ఏడ్చాను. డ్యూటీలో చేసినదానికి నన్నెవరూ నిలదీయడానికి వీల్లేదు. అది కూడా ఒప్పందంలో ఉంది."

"ఆ ఒక్కటీ దాదాపు నిజమే," అన్నాడు పెద్దాయన.