అమెరికా సభకు ఇటుకల గేటు

గాసి జీపు నిండితే గాని కదలదు. జీపు నిండేదాకా గాసి నోరు మూతపడదు. డుంబ్రిగుడ సంతకొచ్చే వాళ్ళందరికీ ఈ రెండు సంగతులూ తెలుసు. ఆ మధ్యాహ్నం జీపులోకి రెండు పసుపు బస్తాలు, ఒక కోడిపుంజు, దాన్ని కొన్న ముసలాయన తప్ప ఇంకెవరూ ఎక్కలేదు. అందుకని గాసి ధర్మ టీకొట్టు ముందు బల్ల మీద బాసింపట్టు వేసుకుని కూచుని, అమెరికా చట్టసభలో తను బిల్లు నెగ్గించిన వైనం మొదలుపెట్టాడు.

ఎదురు బల్ల మీద కృపావతికి కాలూ చెయ్యీ ఆడడం లేదు. పొద్దున్న సంతలో సోములమ్మ కోడలు సోని కనబడింది. తొమ్మిదో నెల. రెండు పాదాలూ వాచిపోయాయి, వేలితో నొక్కితే గుంట పడుతోంది, తలనొప్పి కూడా ఉందంటోంది. అది మామూలు వాపు కాదని కృపావతికి తెలుసు. ఈరోజే అరకు ఆస్పత్రిలో చూపించి తీరాలని అత్తాకోడళ్ళని ఇక్కడిదాకా నడిపించుకొచ్చింది. ఆ వేళప్పుడు అరకు వెళ్ళే బండి గాసి జీపు ఒక్కటే. రెండుసార్లు అడిగింది. "ఇంకో నలుగురొత్తే ఎల్లిపోదుం సిస్టరమ్మా" అన్నాడు. పిల్ల బెదిరిపోతుందని సోని ముందు గట్టిగా చెప్పలేకపోయింది.

ఏడాది కిందటైతే ఈ బాధ లేదు. వారం వారం సంతకి వైద్యం బండి వచ్చేది. అమెరికా సాయంతో నడిచే బండి అది. ఆరేళ్ళు అందులో కృపావతి నర్సు, గాసి డ్రైవరు. ఇంతలో అక్కడ ప్రభుత్వం మారింది, పాత షరతు మళ్ళీ లేచొచ్చింది. మా డబ్బు ముట్టుకుంటే గర్భస్రావం చెయ్యకూడదు, దాని గురించి సలహా ఇవ్వకూడదు, మీ సొంత డబ్బుతో కూడా ఆ పని ముట్టుకోకూడదు, ఒప్పుకుంటూ సంతకం పెట్టండి అన్నారు. ఆడమనిషి వచ్చి అడిగితే జవాబు చెప్పని నర్సు ఎందుకని బండిని నడిపించే డాక్టరమ్మ సంతకం పెట్టలేదు. బండి ఆగిపోయింది. ఆ బండంటే కృపావతికి ప్రాణం. అందుకే కోపంగా ఉన్నా గాసి మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి.

"బండాగిపోతే నానూరుకుంటానేటి? ఉత్తరం రాసీసేను" అన్నాడు గాసి.

"నువ్వా? నీకు అక్షరాలెప్పుడొచ్చాయిరా?" అన్నాడు సాలూరు నుంచి చింతపండు కొనడానికొచ్చే సూర్యనారాయణ.

"నోటితో నాను సెప్పేను షావుకారూ, సేత్తో సిస్టరమ్మ రాసింది. పదకొండూళ్ళ ఆడోల్లు ఏలిముద్రలేసినారు. అడుగు, ఆవిడిక్కడే ఉంది."

కృపావతి తల ఊపింది. అంతవరకు నిజమే. ఆ షరతును ఇక ఎవరొచ్చినా మళ్ళీ తేకుండా చట్టం చెయ్యాలని అమెరికాలో కొందరు మెంబర్లు బిల్లు పెడుతుంటే, డాక్టరమ్మ ఆ ఉత్తరం వాళ్ళకి పంపింది.

"ఆ తరవాతేటయిందో తెలుసా? నాలుగోనాడు సాపరాయి ఏటి కాడ జీపు కడుగుతన్నాను, ఫోనొచ్చీసింది. ఆ బిల్లెట్టిన మెంబరమ్మ. గాసిగారేనా అంది. సిగ్నల్లేదమ్మా, కొండెక్కీదాకా ఆగు అన్నాను. నాను కొండెక్కీదాకా సభంతా నిలబడే ఉంది."

"వాళ్ళెందుకు నిలబడ్డం?" అన్నాడు సూర్యనారాయణ.

"ఆల్లకీ సిగ్నలు కావాల కదేటి?" అని గాసి టీ ఒక గుక్క తాగాడు. "బేగి రావాల గాసిగారూ, మీరు లేకపోతే బిల్లు ములిగిపోతాదని ఏడుపు. ఇమానం పంపింది. సగం దూరం ఎల్లేసరికి ఆ పైలట్టుకి మబ్బుల్లో దారి తెలీలేదు. లెగు బావూ అని నానే కూకున్నాను. అనంతగిరి ఘాటీలో మంచు పట్టిన రోజు జీపు తోలినోడికి మబ్బులొక లెక్కా? మలుపు మలుపుకీ హారను కొట్టుకుంటా దించీసేను."

"ఆకాశంలో ఎవడికిరా హారను?"

"ఎదరనించి ఒచ్చీవోడికి. నేర్పినోడు సరిగ్గా నేర్పితే ఆ అలవాటు ఎక్కడికీ పోదు."

ధర్మ నవ్వుతూ ఇంకో గ్లాసు నింపాడు. సోములమ్మ మాత్రం నవ్వలేదు. కోడలి పక్కన కూచుని గాసి మొహం కేసే చూస్తోంది.

"సభలో కెల్లేను. ఒక ముసలి మెంబరు లెగిసి, డబ్బు మాది, మాట కూడా మాదే సెల్లాలన్నాడు. నాను తిన్నగా ఆయన ముందుకెల్లి అడిగేను. అయ్యా, మా కొండల్లో ఒకడి ఎద్దు ఇంకొకడు దుక్కికి అడిగి తోలుకెల్తాడు. దున్నుకో, సాయంత్రం మేతేసి తోలుకురా అంటాం. అంతే గానీ నా ఎద్దు నీ సేలో ఉన్నంతకాలం నీ పెళ్ళాంతో మాటాడకు అంటామా? ఆయన నోరు పడిపోనాది. ఆయనెనకాల నలభైమంది లెగిసి మా ఓటు నీకే గాసిగారూ అన్నారు."

ఈ ఎద్దు మాట కృపావతికి నచ్చింది. డాక్టరమ్మ ఆరు నెలలు కాగితాల మీద చెప్పింది ఇదే. ఇంత తేలిగ్గా మాత్రం చెప్పలేదు.

"ఏ భాషలో అడిగావురా?" అన్నాడు సూర్యనారాయణ.

"మన ఆదివాసీ ఒడియాలో. సంత భాష అది, ఎవడికైనా అర్థమవుతాది. ఆ తరవాతేటయిందో తెలుసా? ఓటేసే ఏలకి సూత్తే కుర్సీలు ఖాళీ. ఇష్టం లేనోల్లు ఎనక దారిని జారిపోతన్నారు. నానేటి సేసేను? ఇటుకల గేటేసీసేను."

బల్లల మీద అందరూ ముందుకు జరిగారు. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్ళు వేటకి పోతే, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు గడ కట్టి వచ్చేపోయే బండ్లన్నీ ఆపేస్తారు. ఏదో ఒకటి చేతిలో పెడితే గాని గడ లేవదు. కలెక్టరైనా ఆగాల్సిందే.

"గేటెయ్యాల్సింది ఆడోల్లు కదరా" అన్నాడు ధర్మ.

"అందుకే మెంబరమ్మకి ఒక కొన ఇచ్చేను, రెండోది ఆవిడ పక్కనున్నావిడకి. ఓటేస్తే గడ లెగుస్తాది, లేపోతే రాత్రికి ఇక్కడే పడక. పోలీసులొచ్చినారు. ఇది పండగ గేటు అన్నాను, సెల్యూట్ కొట్టి ఎల్లిపోనారు. అప్పుడు నాను డప్పు అందుకున్నాను. నాలుగొందల పైచిలుకు మెంబర్లు నడుం ఎనక సేతులు కలిపి ధింసా ఆట. పైన గుమ్మటం ఊగిపోతంది, కింద ముసలాయన అడుగు తప్పుతన్నాడు, నాను సరిసేత్తన్నాను. ఆడతా ఆడతానే ఓట్లు ఏసీసినారు. బిల్లుకి ఎదురుగా ఒక్క సెయ్యి లెగలేదు. షరతు సచ్చిపోనాది. ఇంక ఏ ప్రభుత్వమొచ్చినా లెగదు. వొచ్చే సంతకి మన బండి ఇక్కడే, ఈ కొట్టు ముందే ఉంటాది."

టీకొట్టంతా చప్పట్లు. సూర్యనారాయణ కూడా కొట్టాడు. కృపావతికి ఒక్క క్షణం గుండె నిండిపోయింది. తెల్ల బండి, తెరిచిన తలుపు, లైనులో నిలబడ్డ ఆడవాళ్ళు కళ్ళకు కట్టినట్టు కనబడ్డారు. గాసి గెలిచాడు, తనూ గెలిచింది, ఎవరూ ఎవరికీ తలవంచి సంతకం పెట్టక్కర్లేదు అనిపించింది.

అప్పుడు సోములమ్మ లేచింది. చేతిసంచి భుజానికి తగిలించుకుంది.

"లెగే సోనీ, ఇంటికెల్పోదుం. గాసి బండి తెచ్చీసినాడు. వొచ్చే సంతకి అందులోనే సూపించుకుందుం. ఈపాటిదానికి అరకెందుకు?"

సోని బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. కృపావతి అడ్డం వెళ్ళబోయి, గాసి మొహం చూసి ఆగింది. అతను సోని పాదాలు చూస్తున్నాడు. ఆరేళ్ళు ఆ బండి తోలినవాడికి ఆ వాపేమిటో ఒకరు చెప్పక్కర్లేదు. చప్పట్లు కొట్టించుకున్న మొహం కాస్తా ఒక్కసారిగా పాలిపోయింది.

"ఒద్దు పిన్నీ, ఇంటికెల్లకు" అన్నాడు.

"ఏటి నాయనా?"

"బండి రాదు." అతని గొంతు తగ్గిపోయింది. "బిల్లయితే ఎట్టినారు. అది అక్కడే ఉండిపోయింది, ఓట్లింకా సాలలేదంట. ఉత్తరం ఎల్లింది, నానెల్లలేదు. ఇశాపట్నం దాటి నానెక్కడికీ ఎల్లలేదు."

"మరి ధింసా?" అన్నాడు సూర్యనారాయణ, ఇంకా ఆశ చావక.

"అదీ లేదు షావుకారూ."

గాసి తాళాలు తీసుకుని జీపు దగ్గరికి నడిచాడు. సోని కాళ్ళు చాపుకోడానికి చోటు కావాలని పసుపు బస్తాలు రెండూ పైకెత్తి టాపు మీద పడేశాడు. కృపావతి ఆ పిల్లని పట్టుకుని ఎక్కించింది. సోములమ్మ మాత్రం తాపీగా వచ్చి, గాసి పక్క సీట్లో సర్దుకుని కూచుని, సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వెక్కడికీ ఎల్లలేదని నాకెరుక లేదేటి బావూ? ఇంటికెల్పోతానంటే గాని నీ జీపు కదల్దని అలగన్నాను. అమెరికా దాకా ఒద్దు గానీ, అరకు దాకా పోనీ."