బోర్డంత ఎత్తు రాయి

తల ఊపొద్దని చెప్పానా లేదా? మెడకి ఆ పట్టీ ముచ్చటపడి కట్టారనుకున్నారా? మాట్లాడొద్దు, కదలొద్దు అన్నారు డాక్టరుగారు. పెళ్లయ్యాక మొదటిసారి మీరు నోరు మూసుకుని నేను చెప్పేది వింటున్నారు. ఇంత మంచి అవకాశం వదులుకుంటానా?

కాలి వేళ్లు మాత్రం కదపడానికి ప్రయత్నించమన్నారు. నిన్నటినుంచి నడుం కింద చలనం లేదు కదా, మెడలో వాపు తగ్గేకొద్దీ రావాలిట. సాయంత్రం వచ్చి చూస్తారుట. దుప్పటి తీశాను, కానివ్వండి. ఊఁ? సరే, కాసేపాగి చూద్దాం.

అసలు జలపాతానికి వెళ్దామన్నదెవరండీ? తమరే. వారమంతా ఈత కొలనులో క్లోరిన్ వాసన పీల్చి విసుగొచ్చింది, కాస్త మంచి నీళ్లలో మునుగుదాం అన్నారు. పైన రాత్రంతా వాన పడిందిట, వచ్చే వారం వెళ్దాం అన్నాను. అన్నానా లేదా? కళ్లార్పితే చాలు. ఆఁ, అలాగ.

గేటు దగ్గర కాపలా అతను ఏం చెప్పాడు? నీళ్లు బురదబురదగా ఉన్నాయి, అడుగు కనపడట్లేదు, నీళ్లకి అడ్డంగా కట్టిన తాడు దాటకండి, రాళ్ల మీంచి దూకకండి అని. పక్కనే గోడ మీద అంత లావు అక్షరాలతో రాసుంది కూడాను. దానికి మీ జవాబు, "నేను ఈత మాస్టర్నయ్యా." అతనేమంటాడు పాపం. పెద్దవారు కదా అని దారిచ్చాడు.

పోనీ ఒడ్డున కాళ్లు తడుపుకుని ఊరుకున్నారా? మీ శిష్యబృందం అప్పటికే నీళ్లలో ఉంది. "మాస్టారూ, ఒక్క డైవ్" అన్నారు వాళ్లు. ఇంకేముంది, మీ ఛాతీ ఉబ్బిపోయింది. తువ్వాలూ విజిలూ నా చేతిలో పెట్టి రాయెక్కారు. ఎక్కి నాకు వినబడేలా ఏమన్నారు? "ఇది మన డైవింగ్ బోర్డంత ఎత్తే ఉందే."

ఉంది, కాదనను. కొలనులో బోర్డు కింద పనిగట్టుకుని లోతు తవ్వించారు. ఈ రాయి కింద ఎవరు తవ్వించారండీ, మా నాన్నా? ఇంకొకళ్లయితే భయపడి దిగొచ్చేసేవాళ్లు. మీకు అలవాటైన ఎత్తాయె. కళ్లు మూసుకుని తలకిందులుగా దూకేశారు. కింద మీకోసం బండరాయి ఎదురుచూస్తోంది.

పిల్లలకి రోజూ ఏం నేర్పుతారు మీరు? తెలియని నీళ్లలో ముందు కాళ్లతో మెల్లిగా దిగు, లోతెంతో చూసుకో, మిగతా వేషాలు తర్వాత అని. అన్నం తింటూ కూడా అదే గోల. వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది. ఈతే రాలేదు. నేర్పండి బాబూ అంటే రేపు, ఎల్లుండి అని ఇన్నేళ్లు గడిపారు. అందుకేగా మీరు నీళ్లలో బోర్లా తేలుతుంటే నేను గట్టు మీద విజిలు పట్టుకుని నిలబడ్డాను. ఊదాను కూడా. ఎందుకు ఊదానో నాకే తెలీదు. మనమ్మాయి వచ్చి నా నోట్లోంచి లాగేసేదాకా ఊదుతూనే ఉన్నాను.

మీ శిష్యులే ఈదుకుంటూ వచ్చి మిమ్మల్ని వెల్లకిలా తిప్పారు. గట్టుకి లాగండి, లాగండి అని నేను అరుస్తుంటే, మీ శిష్యురాలొకతె నన్నే కసిరింది. "లాగకూడదు ఆంటీ, మెడ కదలకుండా తేలనివ్వాలి, మాస్టారే చెప్పారు" అంది. కాపలా అతను మిమ్మల్ని పడుకోబెట్టి మొయ్యడానికి చెక్క తెచ్చేదాకా మీ తల తిన్నగా పట్టుకుని ఆ చలిలో అలాగే ఉన్నారు. వాళ్లు అలా చెయ్యబట్టే మనిషి దక్కాడన్నారు డాక్టరుగారు. మీ పాఠం అందరికీ వచ్చిందండీ, మీకు తప్ప.

నవ్వకండి, మెడ కదులుతుంది.

ఎవరికోసం చూస్తున్నారు? మనమ్మాయా? బయట వరండాలో కూర్చుంది. కాసేపయ్యాక పంపిస్తాను. ముందు మీకో సంగతి చెప్పాలి.

పొద్దున్న అడిగింది, నాన్న కాళ్లు కదులుతున్నాయా అని. రాత్రంతా నిద్రపోలేదేమో, కళ్లు వాచిపోయి ఉన్నాయి. కదిలిందే, కుడికాలి బొటనవేలు, నా కళ్లతో చూశాను అనేశాను. నాకు అబద్ధం చెప్పడం చేతకాదంటారుగా. చక్కగా వచ్చింది. తడుముకోలేదు కూడా. అది అక్కడికక్కడే మీ శిష్యులందరికీ ఫోన్లు కొట్టి చెప్పేసింది. వాళ్లు ఫోన్లోనే మీకు చప్పట్లు కొట్టారుట.

తిట్టడం ఆపితే నాకు ఏడుపొస్తుందండీ. ఏడిస్తే అది లోపలికొచ్చి నా మొహం చూస్తుంది. అందుకని తిడుతున్నాను, ఏమనుకోకండి. నాకు చచ్చేంత భయంగా ఉంది.

ఈత నేర్పమని తప్ప ఇన్నేళ్లలో మిమ్మల్ని ఒక్క పనీ చెయ్యమని బతిమాలలేదు. ఈ ఒక్క అబద్ధం నిజం చెయ్యండి చాలు. కుడిది కాకపోతే ఎడమది. ఏదైనా పర్లేదు, నేను సర్దిచెప్పుకుంటాను.

చూస్తున్నాను. మెల్లిగానే కానివ్వండి.

కదల్లేదా? సరే, పోనివ్వండి. కాళ్లు చల్లగా ఉన్నాయి, దుప్పటి కప్పుతాను. డాక్టరుగారు రావడానికి ఇంకా టైముంది.