తిథి తప్పిన భోజనం

కార్న్‌వాల్ తీరాన ఒక చిన్న ఊరు, జూన్ మధ్యాహ్నం. ఆ ఊరి విక్కా మండలికి పెద్దయిన లవ్‌డే వంటింట్లో బల్లకి అటు ఆవిడ, ఇటు హిల్డా. మధ్యన హిల్డా తెచ్చిన కుంకుమపువ్వు బన్నులు.

"ఈ రాత్రే చేర్చుకోమంటే ఎలాగే హిల్డా? మాది మంత్రగత్తెల మండలి. చెయ్యెత్తగానే ఆగడానికి సంత బస్సు కాదు."

"ఈ రాత్రి పున్నమి కదండీ లవ్‌డే గారూ. మీరంతా వృత్తం గీసుకుని కూర్చుంటారు. ఓ మూలన నేనూ..."

"వృత్తానికి మూలేంటే తల్లీ!"

"చూశారా! నేర్పేవాళ్ళు లేకే కదా ఈ బతుకు!"

"నేర్పుతాం. ముందు ఏడాది మీద ఒక రోజు ఆగాలి. మా ఆనవాయితీ అది."

"ఏడాదా? ఏడాది ఆగితే నాకు మిగిలేది ఏడుపే."

"అంత తొందరేం ముంచుకొచ్చింది?"

"ఏం లేదు. ఊరికే. బన్ను తినండి. మా ఇంట్లో పెడితే ఈపాటికి పళ్ళెం కూడా మిగిలేది కాదు."

"ఒక్కదానివే కదే ఉండేది? ఎవరు మింగుతారు?"

"ఎలకలు."

"ఎలకలా?"

"బలిసినవి. అది సరే గానీ, నేను మరీ పచ్చిదాన్ని కాదండీ. ఈ పుస్తకం చూసి సాధన చేస్తూనే ఉన్నా. ఇదిగో, 'ఓనమాల విక్కా'. చర్చిలో పాత సామాన్లు అమ్మారే, అక్కడ దొరికింది. పాదిరిగారే చేతిలో పెట్టారు, వంటల పుస్తకం అనుకుని."

"అట్టమీద చీపురు, పిల్లి ఉన్నాయి కదే!"

"ఆయన వంట అలాంటిది లెండి. అడగండి, ఇందులోంచి ఏదైనా అడగండి."

"సరే. అన్నిటికన్నా పెద్ద నియమం?"

"ఎవరికీ హాని చేయకు, ఆపైన నీ ఇష్టం. అన్నట్టు లవ్‌డే గారూ, ఒక మనిషిని విమానం ఎక్కించడం హాని కిందికి వస్తుందా?"

"ఎవర్ని?"

"మాటవరసకి."

"వాళ్ళిష్టంతో ఎక్కితే హాని కాదు. దాని తర్వాతి నియమం?"

"ఆ పేజీ మీద జామ్ పడింది."

"మనం పంపింది మంచైనా చెడైనా మూడింతలై మనకే తిరిగొస్తుంది. ఏమైందే? అలా తెల్లబోయావు?"

"మూడింతలా? కచ్చితంగా మూడేనా? రెండున్నరకి తగ్గదా?"

"బేరమాడ్డానికి బెండకాయలా? ఇప్పుడు చెప్పు, వృత్తం ఎటు తిరిగి గీశావు?"

"ఎడమ వైపుకి."

"అపసవ్యంగానా! నిప్పు ఏ దిక్కున పెట్టావు?"

"ఉత్తరాన. చక్కగా పెద్ద కొవ్వొత్తి."

"ఉత్తరం భూమి దిక్కే! నిప్పు పెట్టాల్సింది దక్షిణాన. దిక్కుమాలిన పుస్తకమని తెలుస్తూనే ఉంది. పండగలేం చేశావు?"

"అన్నీ చేశా. అక్టోబరు ఆఖరున వసంతోత్సవం. పూల కిరీటం పెట్టుకుని, రిబ్బన్లు కట్టుకుని, పెరట్లో స్తంభం చుట్టూ గంతులేశా. వడగళ్ళు పడ్డాయి."

"అక్టోబర్లో పడక! ఊళ్ళో పిల్లలంతా దెయ్యాల వేషాలేసుకుని తిరిగే రాత్రి కదే అది!"

"అవునండీ. మా గేటు దాకా వచ్చి, నన్ను చూసి, మిఠాయిలు మాకొద్దని పారిపోయారు."

"మరి సావిన్? పోయినవాళ్ళని భోజనానికి పిలిచే పండగ?"

"మే ఒకటిన."

"మే ఒకటిన! ఊరంతా డప్పులు కొడుతూ, పూలు చల్లుకుంటూ వీధుల్లో ఉంటే, నువ్వు ఇంట్లో..."

"తలుపులు మూసుకుని, నల్లబట్టలు వేసుకుని, ఒక ప్లేటు వడ్డించి, పేరు పెట్టి పిలిచా. ఒక్క ప్లేటేనండీ. గుర్తుంచుకోండి, ఒక్కటే."

"ఏదీ, ఇలా తే ఆ పుస్తకం. నా కళ్ళజోడేదీ... ఆఁ! ఈ మొదటి పేజీ చదివావా?"

"చీమ తలకాయంత అక్షరాలు. ఎవరు చదువుతారు?"

"ఆస్ట్రేలియాలో అచ్చయింది, పిచ్చిదానా! అక్కడివాళ్ళ కోసం రాసింది. వాళ్ళకి సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు. మన చలికాలం వాళ్ళకి ఎండాకాలం. వాళ్ళ సవ్యం మన అపసవ్యం. ఇన్నాళ్ళూ సాధన మొత్తం తలకిందులుగా చేశావే!"

"అయ్యో. అయితే నన్ను తీసుకోరా?"

"కళ్ళనీళ్ళెందుకు? మొదట్లో నేనూ సముద్రానికి పూజ చేసి చెప్పులు పోగొట్టుకున్నా. మళ్ళీ మొదలెడదాం. ఏడాది మీద ఒక రోజు."

"పోనీ చేర్చుకోకండి. ఒక్క పాఠం చెప్పండి చాలు. ఈ పుస్తకంలో ఆఖరి పేజీలు చిరిగిపోయాయి."

"ఏ పాఠం?"

"పిలిచినవాళ్ళని సాగనంపే పాఠం."

"అదా! మర్యాదగా దణ్ణం పెట్టి, వచ్చినందుకు సంతోషం, వెళ్ళిరండి అనాలి."

"వెళ్ళి రండి అంటే మళ్ళీ రారూ? 'రండి' తీసేసి ఉత్త 'వెళ్ళండి' అంటే పనిచెయ్యదా?"

"భయపడకే. నువ్వు పిలిచింది ఇక్కడెవరికీ వినపడి ఉండదు. మంత్రాలకు చింతకాయలు రాలవని ఊరికే అన్నారా?"

"చింతకాయలు రాలకపోతే పోయె. చింతలు రాలుతున్నాయి."

"ఆ పద్ధతిలో పిలిస్తే వినపడేది ఆస్ట్రేలియాలోనే. ఇంతకీ ఎవర్ని పిలిచావు? మీ అమ్మనా?"

"డెన్జిల్‌ని."

"నీ మొగుణ్ణా! వాడు చావలేదు కదే!"

"నా లెక్కలో పోయినట్టే అనుకుని వడ్డించా. పోయి పదేళ్ళాయె."

"కారవాన్లు, అవే ఆ చక్రాల ఇళ్ళు, అమ్మే పిల్లతో లేచిపోయాడు. అవును. ఏ దేశమన్నావు అప్పట్లో?"

"బన్ను తినండి."

"హిల్డా."

"...ఆస్ట్రేలియా."

"ఓరి నాయనో."

"సోమవారం పొద్దున బెల్లు మోగింది. ఊరి మీద బెంగపుట్టిందట. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయిందట. తిథి చూడకుండా పిలిస్తే అతిథే వస్తాడని నాకేం తెలుసండీ!"

"అయితే ఆ ఎలక వాడన్నమాట! ఉండు, ఎలకలు అన్నావు కదూ. ఎన్ని?"

"పెట్టింది ఒక్క ప్లేటే. దిగింది డెన్జిల్, ఆ కారవాన్ల పిల్ల, వాళ్ళమ్మ. మీరు మూడింతలు అన్నప్పుడే నా గుండె జారింది. ఒక్కటి చెప్పండి లవ్‌డే గారూ, ఈ రాత్రి నేను ముగ్గుర్ని పంపిస్తే, తొమ్మిదిమంది తిరిగి రారు కదా?"