రాజక్క నవ్వు

హలో… ఎవరు? ఆ, నేనే, రాజలింగునే. చెప్పు బావా… నాగపూర్‌లనే ఉన్న, బొమ్మలు పెట్టిన హాల్‌ల. ఆఫీసు ఫోన్ ఇది, జర గట్టిగ మాట్లాడు…

ఏంది? ఆపరేషన్‌కు పోనంటుందా? పొద్దుగాల నిమ్మళంగనే ఉండె గదా అక్క…

బొమ్మ సంగతి ఎవరు చెప్పిండ్రు?… మా వాడకట్టు మల్లవ్వనా. చంద్రపూర్ దవాఖాన దాంక పోయి మంచి ముచ్చటే చెప్పింది. ఆమె నోట్లె నువ్వుగింజ నానదు.

…దాస్తలేను బావా. గీసిన. అక్క జొన్నరొట్టెలు కొడుతుంటే ఎదురుంగ కూసొని గీసిన. అడిగితే ఒప్పుకోదని అడగలే, లారీకి నెమలి గీస్తున్ననని అనుకుంది.

…నాకెర్క లేదా? సాస్తి బొగ్గుగనిల మనిషి పోతే నా దగ్గరికే వస్తరు. ఇంట్ల ఫొటో ఉండదు. పెండ్లాం ఏడ్సుకుంట ముక్కు గిట్లుండె, మీసం గట్లుండె అని చెప్తది, నేను గీస్త, దినాల నాడు దండ వేస్తరు. రాజలింగు గీసిండంటే ఆ మనిషి లేనట్టే అంటరు. నా ముంగటనే అంటరు.

గందుకే గీసిన. నాకు నేర్పినోళ్లెవరు? బొగ్గుపెళ్ల పట్టుకొని గోడలకు గీసుకుంట నేర్చుకున్న. లారీల ఎనుక నెమళ్లు రాసిన. కొత్తగొచ్చిన కూల్‌డ్రింక్ కంపెనీల గోడలు రాసిన… ముఖాలంటే మాత్రం పోయినోళ్లయే. ఒక్కపారి బతికున్న ముఖం గీయాలనిపించింది. అక్కను గాక ఎవర్ని గీస్త?

…కొట్టు, వచ్చినంక కొట్టు. డాక్టర్ ఏమంటుండు?… ఇయ్యాల తియ్యకుంటే కడుపుల గడ్డ పగులుతదన్నడా?

…

బొమ్మ కాలబెడితేనే ఆపరేషన్‌కు పోతదంటనా. ఇంకాసేపట్ల పెద్దలొస్తరు బావా, బొమ్మలు చూడనీకి. ఇసుంటిది నేను మళ్ల గీయలేను. గిది చూసే నన్ను లోపలికి రానిచ్చిండ్రు…

సరే. సరే అంటున్న గదా. ఫోన్ పట్టుకొనే ఉండు.

…

ఆ, తెచ్చిన. గోడ మీదికెళ్లి తీసిన. ఈడ కాలబెట్టనియ్యరు. రంగు ఇంకా పచ్చిగనే ఉంది, టర్పెంటైన్ గుడ్డతోని తుడుస్త. అక్కకియ్యి ఫోన్.

అక్కా… ఏడ్వకే. తుడుస్తున్న. ముఖమే తుడుస్తున్న…

ఏంది? ఎట్ల గీసిననా?… రొట్టె తిప్పుకుంట నవ్వుతున్నవ్. నుదుటి మీద పిండి అంటింది… దండా? లేదక్కా, దండ ఎందుకుంటది. పోయినోళ్లు నా బొమ్మల్ల ఎటో చూస్తరు. నువ్వు నన్నే చూస్తున్నవ్. రొట్టె సల్లగైతుంది, తినురా అన్నట్టు…

అవు. నవ్వుతున్నవ్…

…ఉంచుమంటవా?

…

ఆ… ఉంచుత అక్కా. ఉంచుత. తుడుస్తలేను, ఆపిన. నువ్వు లోపలికి పో… చూడాలెనా? చూద్దువు తీ. ముందుగాల పో, డాక్టర్ సాబ్ నిలబడ్డడంట.

…

బావా? పోయిందా?… తలుపు పెట్టిండ్రా? మంచిగైంది.

బావా… ముఖం మిగల్లే. ఉంచుమనేసరికే తుడుసుడైపోయింది. అక్కకు చెప్పకు… లేదు, ఏడుస్తలేను. పెద్దలొస్తుండ్రు, గదే చప్పుడు… బయటికొచ్చినంక నేనే చెప్త. మళ్లొకసారి పొయ్యికాడ కూసొమ్మంట.

నువ్వు ఆ తలుపు కాడికెళ్లి కదలకు. పెట్టేస్తున్న.